మసి నుంచి సిరా, పాత నుంచి కొత్త

రంజాన్ దగ్గర పడుతోందంటే మన ఇళ్లలో సందడి మొదలవుతుంది. గోడలకు వెల్ల వేయిస్తాం. పరదాలు ఉతుకుతాం. అలమరాలు సర్దుతాం. అంతవరకు బాగానే ఉంటుంది. ‘ఫలానా వారింట్లో గోడకు పెద్ద ఫ్రేము పెట్టారు, కొత్త టీపాయ్ తెచ్చారు’ అన్న మాట చెవిన పడ్డాకే చిక్కు వస్తుంది. పండుగకు చుట్టాలు వస్తారు గదా అని వాయిదాల మీద సామాను తెస్తాం. షవ్వాల్ నెల గడిచినా ఆ వాయిదాలు గడవవు. జకాత్, ఫిత్రా లెక్కలు చూసుకోవలసిన రోజుల్లో అప్పు లెక్కలు చూసుకోవలసి వస్తుంది.

ఇల్లు అందంగా ఉంచుకోవడం తప్పు కాదు. దుబారా తప్పు. దివ్య ఖుర్‌ఆన్‌లోని 17వ సూరా (బనీ ఇస్రాయీల్) 26, 27 ఆయతులు దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొన్నాయి. మరి ఖర్చు లేకుండా ఇంటికి కళ ఎలా వస్తుంది?

హజ్రత్ ఆయిషా (రజి) ఇంట జరిగిన ఒక సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ఆమె ఇంట్లో బొమ్మలున్న పరదా ఒకటి కట్టారు. ప్రయాణం నుంచి తిరిగి వచ్చిన దైవప్రవక్త (స) దాన్ని చూసి ఇష్టపడక తీసివేశారు. అప్పుడు ఆమె ఆ బట్టను పారేయలేదు. కోసి దిండ్లుగా కుట్టారు. తన దుస్తులు తానే కుట్టుకుని, చెప్పులు తానే బాగు చేసుకున్న ప్రవక్త (స) ఇల్లది. పాత వస్తువుకు కొత్త పని కల్పించడం మనకు అక్కడి నుంచే వచ్చిన పాఠం.

ఇందుకు చవకగా దొరికే సాధనం రంగు సిరా. అసలు సిరాయే పారేసే వస్తువు నుంచి పుట్టింది. దీపపు మసిని తుమ్మజిగురుతో నూరి పూర్వం ఖత్తాతులు సిరా చేసుకునేవారు. ఇస్తాంబుల్‌లో 1557లో పూర్తయిన సులైమానియా మసీదులో దీపాల పొగ గాలివాటున ఒక చిన్న గదిలోకి చేరేలా కట్టారని, అక్కడ పేరుకున్న మసితో సిరా చేసేవారని చెబుతారు.

ఏ వస్తువుకు ఏ సిరా?

పాత సామాన్ల దుకాణంలో దొరికే చెక్క ట్రే, మన అటక మీద పడి ఉన్న ఫ్రేము, ఖాళీ అయిన షర్బత్ సీసా, మట్టి పూలకుండీ - ఇవి చాలు.

చెక్క ట్రే అయితే ముందు ఉప్పుకాగితంతో రుద్ది పాత వార్నిష్ పూర్తిగా తీసేయాలి. అది ఉంటే సిరా లోపలికి ఇంకదు. తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. నీటి సిరాను కొంచెం పలుచన చేసి, బ్రష్షుతో చెక్క చార వెంట 2, 3 సార్లు పూయాలి. రంగు వేసినా చెక్క చారలు కనిపిస్తూనే ఉంటాయి. పెయింటుకు, సిరాకు తేడా అదే. ముందుగా ట్రే అడుగున పరీక్షించి చూసుకోవడం మంచిది.

గాజు సిరాను పీల్చదు. నీటి సిరా దాని మీద నిలవదు. స్పిరిట్‌తో చేసిన సిరాలే పట్టుకుంటాయి. సీసాను సబ్బుతో కడిగి, ఆరాక రెండు మూడు రంగుల చుక్కలు వేసి, సన్నని గొట్టంతో ఊదితే రంగులు పూరేకుల్లా విచ్చుకుంటాయి. ఈ సిరాకు మంట తొందరగా అంటుకుంటుంది. పొయ్యి దగ్గర వద్దు, కిటికీలు తెరిచి ఉంచాలి. స్పిరిట్ వాడకంపై సందేహం ఉన్నవారు ఆలిములను అడగవచ్చు, లేదా చెక్క, మట్టి, కాగితాలపై నీటి సిరాతోనే సరిపెట్టుకోవచ్చు.

పూలకుండీకి బయట ఏ రంగైనా వేయవచ్చు. తాగే నీళ్ల కుండకు మాత్రం వేయకూడదు. నీరు సన్నని రంధ్రాల గుండా చెమర్చి ఆవిరైతేనే కుండ చల్లబడుతుంది. వార్నిష్ పూస్తే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. అలాగే సిరా వేసిన ట్రేలో ఖర్జూరాలు నేరుగా పోయకుండా పళ్లెంలో పెట్టి అందించాలి.

పైపూతకు ఒకటే సూత్రం. సిరా దేనిలో కరుగుతుందో పైపూతలో అది ఉండకూడదు. నీటి సిరా మీద నూనె వార్నిష్, స్పిరిట్ సిరా మీద నీటి వార్నిష్ వేయాలి. తారుమారైతే రంగులన్నీ అలికినట్టవుతాయి.

నమూనా కోసం వెతుక్కోనక్కరలేదు. ఒక చతురస్రం గీసి, దాని మీదే అంతే కొలత గల మరో చతురస్రాన్ని మూలగా తిప్పి గీస్తే ఎనిమిది కోణాల నక్షత్రం వస్తుంది. స్పెయిన్‌లోని అల్‌హంబ్రా గోడలను అలంకరించింది ఇలాంటి రేఖలు, తీగలే. స్కేలు, పెన్సిలు ఉంటే పిల్లలు కూడా గీయగలరు.

మేము చేసిన పొరపాటు

ఒక ఏడాది మేము పాత ఫ్రేములో ‘బిస్మిల్లాహ్’ను మామూలు పెన్ను సిరాతో రాసి, కిటికీకి ఎదురుగా తగిలించాం. ఎండకు నీలిరంగు వెలిసింది. వానాకాలం గోడ చెమ్మకు అక్షరాలు చెదిరాయి. సాధారణ పెన్ను సిరాలోని రంగు నీటిలో కరిగే అద్దకం లాంటిది. ఎండకు, నీటికి ఆగదు. పొడి రంగుతో చేసిన సిరాలు, ఆరాక నీటికి కరగని ఇండియన్ ఇంకు ఆగుతాయి. ఈ సంగతి మాకు అప్పటికి తెలియదు.

ఆ కాగితాన్ని చెత్తలో వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. చివరికి మా నానీ దాన్ని శుభ్రమైన నీటిలో నానబెట్టి, అక్షరాలు కరిగిపోయాక ఆ నీటిని ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లో పోశారు. “అల్లాహ్ పేరు రాయడానికి ముందే దాని చోటు ఆలోచించుకోవాలి బేటా” అన్నారు. ఆ రోజు నుంచి ట్రేలు, సీసాలు, దిండ్ల మీద ఆయతులు రాయడం మానేశాం. అవి కిందపడతాయి, ఎంగిలి చేతులు తగులుతాయి. గోడలకు ఆయతులు తగిలించడంపై ఉలమాల్లో భిన్నాభిప్రాయాలు కూడా ఉన్నాయి. వస్తువులకు పూలు, తీగలు, నక్షత్రాలు చాలు.

ఈ రంజాన్‌కు ముందు ఒక సెలవు రోజున పిల్లలను కూర్చోబెట్టుకుని అటక మీది సామాను దించి చూద్దాం. దేన్ని పారేయాలి అని కాకుండా, దేనికి ఇంకా పని ఉంది అని చూద్దాం. అలా మిగిలిన డబ్బును సదఖా కింద తీసి ఉంచుదాం. పండుగనాడు మన పిల్ల చేత్తో రంగులద్దిన ట్రేలో షీర్ ఖుర్మా గిన్నెలు పెట్టి చుట్టాలకు అందిస్తే, ఇన్షా అల్లాహ్, ఆ ఇంట్లో అందమూ ఉంటుంది, బరకత్ కూడా ఉంటుంది.