కడ్డీ మీద రెండు గీతలు



పల్లెలలో పుట్టి పెరిగిన మనలో చాలామందికి నాటు తుపాకి కొత్త కాదు. గొట్టం మూతి నుండి మందు పోసి, సీసపు గుండు వేసి, పొడవాటి కడ్డీతో కూరి పేల్చే తుపాకి అది. అడవిపందుల బెడద ఉన్న మా మెట్ట ఊరిలో చేను కాపలాకు మంచె మీద అటువంటిదొకటి ఉండేది. ఆ రకం తుపాకులతోనే నెలనెలా గురిపందెములు పెట్టుకునే క్లబ్బులు అమెరికాలో ఉన్నవని 2019 వరకు మాకు తెలియదు. ఆ సంవత్సరం మే నెలలో మేము, మా సతీమణి ఇండియానా రాష్ట్రంలోని ఒక పల్లెలో ఒక సంఘపెద్దగారి ఇంట అతిథులుగా ఉన్నాము. శనివారం ఉదయం ఆయన, "ఈ రోజు మా క్లబ్బు పందెము, మీరు కూడ రండి" అని పిలిచారు.

నిజం చెప్పవలెనంటే మాకు మనసొప్పలేదు. ఎందుకో తరువాత చెప్పుదుము. పెద్దవారి మాట కాదనలేక వెళ్ళాము.

పాత ఆట, పాత మందు

దారిలో ఆయన ఈ ఆట చరిత్ర చెప్పారు. 1931లో ఒహాయో రాష్ట్రంలోని పోర్ట్స్‌మౌత్‌లో, తాతల నాటి తుపాకులు గలవారు కొందరు కూడి పందెము జరుపుకున్నారట. దాని ఫలితంగా 1933లో నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది. ఇండియానాలోనే ఫ్రెండ్‌షిప్ అను చిన్న ఊరు దానికి కేంద్రము. ఊరి పేరునకు అర్థం స్నేహము! ఏటా అక్కడ జరిగే జాతీయ పోటీలకు దూరప్రాంతాల నుండి కుటుంబాలు గుడారాలతో వస్తాయి. మిగతా నెలలలో ఎక్కడి క్లబ్బు అక్కడే పందెము పెట్టుకుంటుంది.

వారు వాడే మందు మనకు తెలిసినదే. నూరు పాళ్ళలో 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ బీహారు నుండి సురేకారాన్ని ఓడలలో ఇంగ్లండుకు తరలించింది. 1857 సిపాయిల తిరుగుబాటు నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకి కూడ ఈ జాతిదే. కాగితపు తూటాను పంటితో కొరికి, అందులోని మందును మూతిలో పోయవలసి వచ్చేది. ఆ కాగితానికి పూసిన కొవ్వు ఆవుదీ పందిదీ అన్న మాటే నిప్పు రాజేసింది.

మమ్మును ఆశ్చర్యపరచిన సంగతి మరొకటి ఉన్నది. మొదట ఈ తుపాకులను చెకుముకి రాయి నిప్పురవ్వతో పేల్చేవారు. రవ్వ మెరుపు చూచి పక్షులు ఎగిరిపోయేవి. స్కాట్లాండులోని బెల్‌హెల్వీ అను ఊరి పాదిరి అలెగ్జాండర్ ఫోర్సిత్ గారికి వేట సరదా. ఆయన దెబ్బ తగిలితే పేలే రసాయనముతో మందు అంటించే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు పొందారు. తరువాత వచ్చిన చిన్న రాగి టోపీకి మూలం అదే.

పందెము జరిగిన తీరు

మైదానం చివర ఎత్తైన మట్టికట్ట. దాని ముందు కాగితపు గురిబొమ్మలు. 25 గజాల వద్ద కొన్ని, 50 గజాల వద్ద కొన్ని. ఒక్కొక్కరికి ఒక్కొక్క బల్ల. అందరికీ కళ్ళద్దాలు, చెవులకు మూతలు. రేంజి అధికారి అనుమతి ఇచ్చువరకు ఎవరూ తుపాకి ముట్టరు. ఆయన కాల్పులు ఆపమంటే మాట మధ్యలోనైనా ఆగవలసినదే.

కొమ్ము నుండి మందును తిన్నగా గొట్టములో పోయరు. లోపల నిప్పుకణం మిగిలి ఉంటే కొమ్ములోని మందంతా చేతిలోనే పేలుతుంది. కనుక మొదట చిన్న కొలగొట్టములో కొలుస్తారు. దాదాపు నాలుగు గ్రాములు. కొమ్ము మూసి పక్కన పెట్టి, అప్పుడు కొలిచిన మందు పోస్తారు. మూతి మీద కొవ్వు రాసిన గుడ్డపేలిక, దాని మీద సీసపు గుండు పెట్టి, కడ్డీతో మందును తాకేవరకు దింపుతారు. గుండు మందుకు ఆనక మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. ఆ తరువాతనే, మూతి గురివైపు ఉంచి, టోపీ తొడుగుతారు.

ఆ కడ్డీల మీద రెండేసి గీతలు కనబడినవి. అవి ఏమిటని మేము అడిగాము. "తుపాకి ఖాళీగా ఉంటే కడ్డీ మొదటి గీత వరకు దిగుతుంది. సరిగ్గా నింపి ఉంటే రెండవ గీత దగ్గర ఆగుతుంది. మనిషి మరచిపోవును గాని కడ్డీ మరువదు" అన్నారు పెద్దగారు.

ఆ మాటకు మేము కొంతసేపు మాట్లాడలేకపోయాము.

మా పెదనాన్నగారి చేయి

మేము చిన్నవారమై ఉండగా మా పెదనాన్నగారు మంచె మీది తుపాకిని ఇంటికి తెచ్చి మూలకు ఆనించారు. నెల రోజులు అది అట్లే ఉన్నది. పందుల మంద దిగిందని ఒక రాత్రి కబురు వచ్చింది. అందులో మందు ఉన్నదో లేదో ఆయనకు జ్ఞాపకం లేదు. చుట్టూ నిలుచున్న కుర్రవారి ఎదుట "గుర్తు లేదురా" అనడానికి నామోషీ. పాత మందు మీదనే కొత్త మందు కూరారు. గొట్టం పగిలింది. ఆయన ఎడమచేతి రెండు వ్రేళ్ళు పోయినవి. ప్రక్కనున్న పొరుగింటి అబ్బాయికి కన్ను పోయింది. ఆ కడ్డీనే ఒకసారి లోపలికి దింపి చూచినట్లయితే చాలును. రెండు గీతలు గీయడానికి మేకు మొన సరిపోవును.

మరచితినని చెప్పిన అవ్వ

ఆ మధ్యాహ్నమే మరొకటి చూచాము. డెబ్బది ఏండ్ల అవ్వ ఒకామె గురి చూచి మీట నొక్కింది. టోపీ పేలింది, తుపాకి పేలలేదు. ఆమె తుపాకిని గురివైపే పట్టుకొని నిమిషానికి పైగా కదలక నిలుచున్నది. మందు ఆలస్యంగా అంటుకొనవచ్చును గదా! మరి రెండు టోపీలు మార్చినా ఫలితం లేదు. అధికారి అనుమతితో టోపీ తీసివేసి కడ్డీ దింపింది. రెండవ గీత కూడ దాటి లోపలికి పోయింది. "మందు పోయడం మరచిపోయినాను!" అని ఆమె అందరికీ వినబడునట్లు చెప్పి నవ్వింది. అందరూ నవ్వారు గాని ఎవరూ ఎగతాళి చేయలేదు. కడ్డీ చివర మరమేకు బిగించి గుండులోనికి తిప్పి బయటికి లాగారు. ఇక్కడ మరచిపోవడం తప్పు కాదట, మరచితినని చెప్పకపోవడమే తప్పు.

చివర సరదా పందెము. గొడ్డలి అంచుకు గుండు తగిలి రెండు ముక్కలై, ఇరుప్రక్కల ఉంచిన రెండు మట్టిబిళ్ళలను పగులగొట్టవలెను. ఆ అవ్వే పగులగొట్టినది! అందరూ ఇంటి వంటలు పంచుకొని తిన్నారు. ఈ మందు మసి చెమ్మ పట్టి ఇనుమును తినివేయును గనుక, ఆ సాయంత్రమే తుపాకులను సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె రాశారు.

మన ఇండ్లలో

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని తుపాకి, అది నాటుదైనా, నేరమే. కర్ణాటకలోని కొడగు ప్రజలకు 1963 నుండి ప్రత్యేక మినహాయింపు ఉన్నది. దానిని 2019లో మరి పదేండ్లు పొడిగించారు. వారు కైల్‌పోళ్దు పండుగలో కొబ్బరికాయను గురిగా పెట్టి కాల్చుతారు. మనకు అట్టి మినహాయింపు లేదు. కనుక లైసెన్సు లేనిది ఇంటనుంచుకొనవద్దు. లైసెన్సు ఉన్నవారు మందు కూరి మూలకు ఆనించవద్దు. పిల్లలకు అందనీయవద్దు. కడ్డీ మీద రెండు గీతలు గీసి, ముట్టిన ప్రతిసారి దింపి చూడండి.

ఇంటికి వచ్చిన తరువాత ఈ సంగతి మా పెదనాన్నగారికి చెప్పాము. ఆయన చాలాసేపు తన ఎడమచేతి వంక చూచుకున్నారు. "రెండు గీతలేనా?" అన్నారు. "ఇది మన ఊరివాళ్ళకు కూడ చెప్పు నాయనా" అన్నారు. అందుకే ఇది వ్రాయుచున్నాము.