బెలూన్‌ గాలితో బుల్లి కారు

తొండూరు: వేసవి సెలవులంటే పల్లెల్లో తల్లిదండ్రులకు దిగులే. ఎండ 40 డిగ్రీలు దాటే మధ్యాహ్న వేళ పెద్దలు పనుల్లోనో, అలసి నిద్రలోనో ఉంటారు. పిల్లలు ఈత సరదాతో బావులు, కుంటలు, కాలువల వైపు వెళ్తారు. ఆ సరదా విషాదంగా మారిన ఇళ్లు రాయలసీమలో ఎన్నో. ఇంటి పట్టున ఉండమంటే చేతికి సెల్‌ఫోను ఇవ్వక తప్పడం లేదు. ఈ రెండూ కాని దారి ఒకటుంది. అది బెలూన్‌ గాలితో పరుగెత్తే కారు. ఒకప్పుడు జొన్న దంట్లతో, తాటి బుర్రలతో బండ్లు చేసుకున్న పల్లెలకు ఇది కొత్త విద్యేమీ కాదు.

తయారీ ఇలా..

అరచేయంత అట్టముక్క, కూల్‌డ్రింకు సీసా మూతలు నాలుగు, పూత గీకేసిన అగరబత్తి పుల్లలు రెండు, ఖాళీ బాల్‌పెన్ను గొట్టం, బెలూన్‌, రబ్బరు బ్యాండు, టేపు, జిగురు చాలు. ప్లాస్టిక్‌ స్ట్రాలపై దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధం ఉన్నందున, ఇరుసులు తిరిగే గొట్టాలను కాగితంతోనే చేసుకోవాలి. పాత నోటుపుస్తకం కాగితాన్ని పెన్సిలు చుట్టూ చుట్టి అంటిస్తే సరి. అలాంటి రెండు గొట్టాలను అట్ట అడుగున ముందూ వెనుకా అతికించి, వాటిలో పుల్లలు దూర్చి, చివర్లకు మూతలు బిగించాలి. మూతలకు వేడి మేకుతో రంధ్రం చేసే పని పెద్దలదే. బెలూన్‌ మూతిని పెన్ను గొట్టానికి రబ్బరు బ్యాండుతో గట్టిగా చుట్టి, గొట్టం రెండో కొన వెనుకకు ఉండేలా అట్టపై అంటించాలి. గొట్టంలోంచి ఊది, వేలితో మూసి, నేలపై వదలాలి.

సాగిన రబ్బరు లోపలి గాలిని వెనుకకు నెడుతుంది. ఆ గాలి కారును ముందుకు నెడుతుంది. న్యూటన్‌ 1687లో ప్రకటించిన మూడో గమన నియమం ఇదే. బయటి గాలిని తన్నుకుని కారు కదులుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్‌-3ను మోసుకెళ్లిన రాకెట్‌ గాలి లేని చోటా ఇదే సూత్రంతో సాగింది.

కదలకపోతే?

తొలిసారి చేసిన కారు తరచూ కదలదు. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. పెద్దలు చేయి పెట్టకుండా, లోపం ఎక్కడుందో పిల్లలనే వెతకనివ్వాలి. కొన్ని పెన్నుల గొట్టానికి పక్కన సన్నని రంధ్రం ఉంటుంది. దాన్ని టేపుతో మూయకపోతే గాలి వృథా అవుతుంది. మూత రంధ్రం నడిమధ్యన లేకుంటే కారు కుంటుతుంది. ఇరుసులు సమాంతరంగా లేకుంటే పక్కకు తిరుగుతుంది. పుల్ల గొట్టంలో బిగుసుకుంటే బెలూన్‌ బలమంతా ఆ రాపిడికే సరిపోతుంది.

పరుగుకు మన ఇళ్లే అనువైనవి. యర్రగుంట్ల ప్రాంతపు నునుపైన నాపరాళ్లు పరిచిన నేలపై చక్రాలు తేలికగా దొర్లుతాయి. కొలబద్ద కూడా అక్కర్లేదు. ఎన్ని బండలు దాటిందో లెక్కిస్తే చాలు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. పగిలిన బెలూన్‌ ముక్కలు గొంతుకు అడ్డుపడితే పసివారికి ప్రాణాపాయం. వాటిని వెంటనే ఏరివేయాలి. ఎనిమిదేళ్లలోపు వారిని సొంతంగా ఊదనివ్వకూడదు.

కారు చక్కగా నడిచాక పిల్లలకు ఒక ప్రశ్న వేయండి. రెండో బెలూన్‌ కడితే నెట్టే బలం పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. మరి ఎన్ని బండలు దాటుతుంది?