మీకు తెలుసా? అంకె పెరిగిన గుండు తరుగును!

షాట్‌గన్ తూటాలో నింపెడు చిన్న సీసపు గుండ్లకు అమెరికా పద్ధతిలో ఇచ్చు సంఖ్యను 17 నుండి తీసివేసినచో, మిగిలిన అంకె ఆ గుండు వ్యాసము అంగుళములో ఎన్ని నూరవ వంతులో చెప్పును. కావుననే 9వ సంఖ్య గుండు 8 వంతులు, అనగా సుమారు 2 మిల్లీమీటర్లే కాగా, ఏడున్నర సంఖ్యది తొమ్మిదిన్నర వంతులు, అనగా 2.4 మిల్లీమీటర్లు.

అల్పముగా తోచు ఈ భేదమునకే, గాలిలో ఎగురు బిళ్లలను పగులగొట్టు షూటింగ్ పోటీలలో గొప్ప విలువ. అంతర్జాతీయ నియమముల ప్రకారము తూటాలో సీసము 24 గ్రాములే గనుక, అందులో 9వ సంఖ్య గుండ్లు దాదాపు 500 ఇముడగా, ఏడున్నరవి 300 మాత్రమే పట్టును. స్కీట్ పోటీలో సుమారు 20 మీటర్ల దాపున అడ్డముగా దూసుకుపోవు 110 మిల్లీమీటర్ల బిళ్లను, సందు లేకుండ అల్లిన వలవలె, ఆ సన్నని గుండ్ల గుంపు కమ్మివేయును. ట్రాప్ అను మరియొక పోటీలో మాత్రము బిళ్ల ఎదుటినుండి దూరముగా పారిపోవుచు, తరచు 30 మీటర్లు దాటిన పిదపగాని గురికి చిక్కదు. అంత దూరమునకు సన్నగుండు వేగము నశించి, తగిలియు పగులగొట్టజాలక పోవచ్చును. ధూళి లేచినంత మాత్రమున గెలుపు కాదు సుమా! కంటికి కనబడు ముక్క ఒక్కటైనను రాలవలెను. అందుచేత ట్రాప్‌నకు ఏడున్నరయే మేలు.

హైదరాబాదు షూటర్ కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలయందు వ్యక్తిగత కాంస్యము గెలుచుకొన్నది ఈ ట్రాప్ పోటీలోనే.