ఏ సిమ్ము మంచిది? లెక్క కట్టి చూద్దాం!



2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. నరసాపురం అంటే మన సఖినేటిపల్లికి గోదావరి అవతలి ఒడ్డే. అలాంటి రాత్రి ఇంటికి ఫోను కలవాలంటే ఏ సిమ్ము మంచిది? ఎవర్ని అడిగినా తన సిమ్మే గొప్ప అంటాడు. వాదులాట ఎందుకు, లెక్క కడదాం.

ముందు మనకేం కావాలో రాసుకోవాలి. మూడు చాలు: సిగ్నలు, వేగం, చౌక. ఒక్కోదానికి పదికి మార్కులు. ఇవి ఉదాహరణకి వేసినవే:

క సిమ్ము: సిగ్నలు 8, వేగం 4, చౌక 5
చ సిమ్ము: సిగ్నలు 5, వేగం 9, చౌక 6
ట సిమ్ము: సిగ్నలు 2, వేగం 8, చౌక 10

ఇప్పుడు అవసరాన్ని బట్టి బరువు ఇవ్వాలి. తుపాను రాత్రి మాట వినపడితే చాలు. కాబట్టి సిగ్నలుకి 8, వేగానికి 1, చౌకకి 1. మార్కుల్ని బరువుతో హెచ్చవేసి కూడితే క-73, చ-55, ట-34. క గెలిచింది.

అదే వీడియో పాఠం చూడాలంటే బరువులు 2, 5, 3 అనుకుందాం. క-51, చ-73, ట-74. ట గెలిచింది!

ఆగండి. సిగ్నలు 2 ఉన్నచోట పాఠం సగంలోనే ఆగిపోతుంది. చౌకకి వచ్చిన మార్కులు సిగ్నలు లోటుని కప్పేశాయి. మొత్తం ఎన్ని వచ్చినా లెక్కల్లో తప్పితే టెన్త్ తప్పినట్టే కదా! అందుకే ముందు ఒక్కోదానికీ పాస్ మార్కు పెట్టాలి. అది 4 అయితే ట తప్పింది, చ నెగ్గింది.

ఫోను టవరు మారడంలోనూ ఇలాంటి లెక్కే ఉంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే నడి గోదావరిలో రెండు ఒడ్ల టవర్లూ ఇంచుమించు సమానంగా అందుతాయి. రవ్వంత తేడాకే మారుతుంటే మాట తెగుతుంది. అందుకని కొత్త టవరు కొంత తేడాతో, కాసేపు నిలకడగా మెరుగ్గా ఉంటేనే మారేలా ఏర్పాటు చేస్తారు.

మామూలుగా ఒక కంపెనీ సిమ్ము మన ఊళ్ళో ఇంకో కంపెనీ టవరుకి పోదు. విపత్తులో ప్రభుత్వం ఆ దారి తెరిపిస్తుంది. 2023 జూన్‌లో బిపర్‌జోయ్ తుపానుకి గుజరాత్‌లో అలాగే చేశారు. అత్యవసర నంబరు 112 అయితే మన సిగ్నలు లేకపోయినా అందే వేరే టవరు నుంచి పోతుంది.

వార్డెన్ గారికి మనవి: హాస్టలుకి రెండు కంపెనీల సిమ్ములు ఉంటే మేలు. కానీ రెండూ ఒకే టవరు మీద ఉన్నాయేమో చూడాలి. కరెంటు పోయి, టవరు దగ్గర బ్యాటరీ, డీజిలు అయిపోతే రెండూ ఒకేసారి మూగబోతాయి.

సెలవులకి ఊరెళ్ళేవాళ్ళు ఇంటి దగ్గర, బడి దగ్గర, గట్టు మీద ఏ సిమ్ము అందుతుందో నోటుబుక్కులో రాసుకు రండి. మార్కులు మనమే వేద్దాం. పని మారితే బరువు మారుతుంది, పాస్ మార్కు మాత్రం మరవకండి!