జుట్టుకు బోరునీళ్ల చిక్కు - పెరటి మందారమే దిక్కు

దేవరకొండ: నల్లగొండ జిల్లా పడమటి మెట్ట గ్రామాలలో ఆడపిల్లల జుట్టు పీచుబారిపోతోంది. ఆదివారం తలస్నానం చేసిన జుట్టు సోమవారం పొద్దునకు చీపురు పుల్లల్లా బిరుసెక్కి, దువ్వెన దిగక, బడి వేళకు తల్లీ కూతుళ్లిద్దరికీ కన్నీళ్లు తెప్పిస్తోంది. కాలేజీకి పోయే పిల్లలు బస్సు దిగగానే ఫ్యాన్సీ షాపుల్లో దూరుతున్నారు. అక్కడ 'డీప్ కండిషనర్', 'హెయిర్ మాస్క్' అని పేరు రాసిన డబ్బాలు వందల రూపాయలకు అమ్ముడుపోతున్నాయి. కూలికి పోయే ఇంటి పిల్ల అలాంటి డబ్బా కొన్నదంటే తల్లి ఒక రోజు కష్టం అందులో పడినట్టే. పోనీ, డబ్బు పోతే పోయింది, జుట్టయినా బాగుపడిందా అంటే అదీ అంతంతమాత్రమే. డబ్బా అయిపోయిన వారానికి మళ్లీ మామూలే.

ఎందుకిలా అవుతోందని ఆరా తీస్తే అసలు సంగతి డబ్బాలో లేదు, బకెట్లో ఉంది.

బావి నీళ్లు పోసుకున్నన్ని నాళ్లు ఈ గోస లేదని, బోర్లు పడ్డాకే నెత్తి ఇట్లా తయారైందని మా ప్రాంతంలో ముసలమ్మల నోట తరచూ వినబడుతుంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. భూమిలో లోతుకు పోయేకొద్దీ నీటిలో సున్నపు లవణాలు, మెగ్నీషియం లవణాలు చాలా చోట్ల ఎక్కువగా కలుస్తాయి. చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చదువుకున్న కఠిన జలం ఇదే. భారత ప్రమాణాల సంస్థ 2012లో ప్రకటించిన తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో కాఠిన్యం 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వసతి లేనిచోట 600 వరకు సరిపెట్టుకోవచ్చు. ఫ్లోరైడు సంగతిలో మన జిల్లా పేరు దేశమంతా తెలిసిందే కాని, ఈ కాఠిన్యం గురించి పట్టించుకునే వారు తక్కువ. దాన్ని కనిపెట్టడానికి లాబరేటరీ అక్కరలేదు. కందిపప్పు ఎంతసేపటికీ ఉడకకపోవడం, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లని పొర పేరుకోవడం, సబ్బు రుద్దితే నురగకు బదులు తెట్టు తేలడం చూస్తే చాలు. గిన్నెకు పట్టిన ఆ పొరే కొంచెం కొంచెంగా వెంట్రుకకూ పడుతుంది.

ఒంటి సబ్బుతోనే తల రుద్దుకునే ఇళ్లలో పరిస్థితి మరీ అధ్వాన్నం. సబ్బుకు, సున్నపు నీటికి పడదు. రెండూ కలిసి తెట్టుగా మారి వెంట్రుకకు అతుక్కుంటాయి. ఎన్ని చెంబులు పోసినా అది వదలదు. కుంకుడుకాయలో ఉన్న సాపోనిన్లకు ఈ ఇబ్బంది లేదు. కఠిన జలంలోనూ అవి తెట్టు కట్టవు. ఈ రసాయనం ఏమీ తెలియకుండానే మన నాయనమ్మలు కుంకుళ్లు వాడారు. అయితే కుంకుడు రసం కూడా మరీ చిక్కగా, మరీ తరచుగా పోస్తే జుట్టులోని జిడ్డునంతా లాగేస్తుంది. అందుకే ముందు నూనె, తరువాత కుంకుడు రసం, దానిలోనే మందారాకు పసరు అన్న పద్ధతి పెట్టారు. ఆ మూడోదే మన పాతకాలపు కండిషనర్. దాన్ని మాత్రం మనం మరిచిపోయాం.

షాంపూ అన్న మాట కూడా ఇంగ్లీషువాడి సొత్తు కాదు. తల మర్దనా చేయమని హిందీలో చెప్పే 'చాంపో' నుంచే అది వచ్చింది. ఊళ్లలోకి షాంపూ రావడానికి దారి తీసింది మాత్రం చిన్న పాకెట్లు. తమిళనాడు కడలూరులో 1983లో మొదలైన చిక్ షాంపూ అలాంటి పాకెట్లతోనే పల్లెలకు పాకింది. ఇప్పుడు కిరాణా కొట్లలో దండలుగా వేలాడేవన్నీ వాటి సంతానమే.

కండిషనర్ చేసే పని ఏమిటి?

మొదట తెలుసుకోవలసిన మాట ఒకటుంది. చర్మం దాటి బయటకు వచ్చిన వెంట్రుకకు ప్రాణం లేదు. దానికి తిండి పెట్టడం, విటమిన్లు తాగించడం ఎవరి వల్లా కాదు. 'కుదుళ్లకు పోషణ' అని డబ్బా మీద రాసుకున్నా, ఆ క్రీము చేసేది పైపూత మాత్రమే. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది. ఆ పొలుసులు ఒకదానిపై ఒకటి బోర్లా పడుకుని ఉంటే జుట్టు నునుపుగా మెరుస్తుంది. ఎండ, క్షారం, గట్టి దువ్వెన వల్ల అవి లేచి నిలబడితే ఒకదానికొకటి చిక్కుకుంటాయి. కడిగిన వెంట్రుకకు రుణ విద్యుదావేశం ఉంటుంది. కండిషనర్‌లోని పదార్థానికి ధనావేశం. అందుకే అది వెంట్రుకను పట్టుకుని, పొలుసులను అణచి, పైన పలుచని జారుడు పూత వేస్తుంది. డబ్బా వెనుక సన్నని అక్షరాలలో సెట్రిమోనియం క్లోరైడ్ అనో, బెహెన్‌ట్రిమోనియం క్లోరైడ్ అనో కనిపిస్తే ఆ పని చేసేది అదే. సెటైల్ ఆల్కహాల్ అని ఉంటే సారా కలిపారని భయపడనక్కరలేదు. అది మైనం వంటి కొవ్వు పదార్థం. ఈ పేర్లు ధర తక్కువ పాకెట్టులోనూ ఉంటాయి, ఖరీదైన డబ్బాలోనూ ఉంటాయి. మిగతాది చాలావరకు సువాసన, రంగు, సినిమా తార బొమ్మ.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఈ లెక్కన రెండడుగుల జడ ఉన్న పిల్ల జడ కొస నాలుగైదేళ్ల నాటిది. అంటే ఆ కొస నాలుగైదు ఎండాకాలాలు చూసింది, వందల తలస్నానాలు చూసింది. కాబట్టి కండిషనర్ ఏదైనా కావలసింది కొసకే గాని మాడుకు కాదు. చాలామంది దాన్ని షాంపూలాగా మాడు మీద పోసి రుద్దుతున్నారు. మాడు జిడ్డుబారి, కొస ఎండిపోయి, డబ్బా పనిచేయలేదని తిట్టుకుంటున్నారు. చెవి కింది నుంచి కొసల దాకా రాసి, రెండు మూడు నిమిషాలు ఉంచి, బాగా కడిగేయాలి.

పెరట్లో ఉన్నవి

ఒంటిరేకు ఎర్ర మందారం లేని వీధి మన ఊళ్లలో అరుదు. పువ్వు దేవుడికి పోతుంది, ఆకును మేక తింటుంది. ఆ ఆకులు ఒక దోసెడు కోసి, కడిగి, కాసిని నీళ్లు చల్లి నలిపితే చేతికి జిగురు తగులుతుంది. కోడిగుడ్డు తెల్లసొన లాగా సాగే ఆ జిగురే వెంట్రుకకు జారుడునిస్తుంది. దాన్ని పలుచని గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే ఆకు పిప్పి జడలో నుంచి రెండు రోజులు రాలుతూనే ఉంటుంది. తలకు పోసుకునే ముందు అరగంట పట్టించినా సరే, కుంకుడు రసంలో కలిపినా సరే.

మందారం దొరకని వారికి మెంతులు ఉన్నాయి. రెండు చెంచాలు రాత్రి నానవేసి పొద్దున మెత్తగా రుబ్బాలి. గుణం మంచిదే గాని వాసన సాయంత్రం దాకా వదలదు, పెళ్లికి పోయే రోజు మాత్రం వద్దు. అవిసె గింజలు రెండు చెంచాలు గ్లాసున్నర నీళ్లలో మరిగిస్తే చిక్కని జిగురు దిగుతుంది. వేడి మీదే వడకట్టాలి, చల్లారితే గుడ్డలోంచి దిగనంటుంది. కలబంద మట్ట కోసిన వెంటనే వాడకూడదు. కోసిన చోటు కిందికి పెట్టి పావుగంట నిలబెడితే పచ్చని పాలు కారిపోతాయి. ఆ పాలు తగిలితేనే దురద. తరువాత లోపలి తెల్లని గుజ్జు తీసుకోవచ్చు. అన్నం వార్చిన గంజి కూడా పాతకాలం నుంచి కుంకుళ్లలో కలుపుతున్నదే. కుక్కర్లు వచ్చి గంజి కరువైంది, అది వేరే కథ.

పట్నం పత్రికలు చూసి అరటిపండు పిసికి పెట్టుకున్న వారు పడిన పాట్లు చెప్పనలవి కాదు. తలలో ఇరుక్కున్న ముక్కలు ఎండి గట్టిపడితే వాటిని ఏరడానికి పూట పడుతుంది. కోడిగుడ్డు పెట్టుకుని వేడినీళ్లు పోసుకుంటే తల మీదే అట్టు వేసుకున్నట్టు. నిమ్మరసం చిలకరించుకుని ఎండలో తిరగడం, వంటసోడాతో తల రుద్దడం రెండూ చేటే. ముఖ్యంగా వంటసోడా క్షారం, పొలుసులను లేపి కూర్చోబెడుతుంది.

వీటన్నిటికన్నా ముందు చెప్పుకోవలసింది కొబ్బరినూనె. దీనిపై 2003లో ముంబయి పరిశోధకులు ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ వెంట్రుకలకు పట్టించి చూస్తే, ఉతుకుడులో వెంట్రుక నుంచి మాంసకృత్తులు పోకుండా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. దానిలోని లారిక్ ఆమ్లం చిన్నది, తిన్నగా ఉండేది కాబట్టి వెంట్రుక లోపలికి దిగగలదని వారు కారణం చెప్పారు. పరీక్ష చేసినది కొబ్బరినూనె అమ్మే కంపెనీ వారే అన్న సంగతి గుర్తుంచుకోవాల్సిందే. అయినా మన తలంటు పద్ధతికి ఆ లెక్క సరిగ్గా సరిపోతోంది. నూనె తలస్నానానికి ముందు పట్టాలి, తరువాత కాదు. తడి జుట్టుకు నూనె పూసి బిగించి జడ వేస్తే దుమ్ము పట్టడం, మాడు చెమర్చడం తప్ప ఫలం లేదు.

నీళ్ల సంగతి

మిషన్ భగీరథ నల్లా వచ్చే ఊళ్లలో కూడా ఆ నీళ్లను తాగడానికి, వంటకు వాడి స్నానానికి బోరే తిప్పుతున్నారు. తప్పు పట్టలేం. కాని చివరి రెండు చెంబులు మాత్రం నల్లా నీళ్లు పోసుకుంటే తేడా చేతికి తెలుస్తుంది. నల్లా లేకపోతే బోరు నీళ్లనే బాగా మరిగించి, చల్లార్చి, అడుగు కదలకుండా పైతేట వంచుకోవాలి. కాఠిన్యంలో కొంత భాగం ఆ తెల్లని పొరగా అడుగున ఉండిపోతుంది. వానాకాలంలో చూరు నీళ్లు పట్టుకునే ఇళ్లకు ఆ బాధ కూడా లేదు. మొదటి జల్లు వదిలేసి తరువాతి వాన పట్టుకోవాలి.

తలంటిన తరువాత తువ్వాలుతో బరబరా రుద్దడం, తడి మీద పళ్ల దువ్వెన పెట్టి మాడు నుంచి కిందికి లాగడం మానాలి. తడిసిన వెంట్రుక సాగుతుంది, సులువుగా తెగుతుంది. పాత నూలు చీర ముక్కలో చుట్టి, ఆరాక, కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయాలి. చిక్కు వెంట్రుకలు కొంటామంటూ మోటారు సైకిల్ మీద స్టీలు గిన్నెలు వేలాడదీసుకుని వీధుల్లో తిరిగే వారికి తప్ప, లాగి దువ్వడం వల్ల ఎవరికీ లాభం లేదు.

పార్లర్ల మోజు

ఇక అసలు భయం వేరే ఉంది. పెళ్లిళ్ల సీజన్లో పిల్లలు పట్నం పోయి జుట్టు సాపు చేయించుకుంటున్నారు. స్ట్రెయిటెనింగ్ అనో, కెరాటిన్ అనో దీనికి పేరు. ఈ క్రీములలో కొన్నింటిని వేడి చేస్తే ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ దీని ద్రావణమే. ఇది మనుషులలో కేన్సర్ కలిగించేదని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. ఫార్మాల్డిహైడ్ లేదని చెప్పి అమ్మే కొన్నింటిలో గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉంటోంది. ట్యునీషియాలో ఒక సెలూన్‌కు మూడుసార్లు వెళ్లిన 26 ఏళ్ల యువతికి మూడుసార్లూ మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి 2024లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికలో వెలువడింది. పైపూతకు కిడ్నీకి సంబంధమేమిటని అనుకునే వారు ఈ ఒక్క సంగతి చూడాలి. కళ్లు మండుతున్నా, ముక్కు ఘాటెత్తుతున్నా కుర్చీలోంచి లేచి రావడమే మేలు. కట్టిన డబ్బు గురించి ఆలోచించకూడదు.

బిరుసుతనం వేరు, రాలడం వేరు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం సహజమే. గుప్పిళ్లుగా రాలుతూ, దానికి తోడు ఆయాసం, నీరసం, పాలిపోయిన కనురెప్పలు ఉంటే మందారాకు, మాస్కు రెండూ పనికిరావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి పిల్లను ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి రక్తపరీక్ష చేయించాలి. ఐరన్ మాత్రలు అక్కడ ఉచితంగానే ఇస్తారు. థైరాయిడ్ లోపం వల్లా, కాన్పు తరువాతి నెలల్లోనూ జుట్టు రాలవచ్చు. ఏది ఎందుకో చెప్పవలసింది డాక్టరే.

మందారం మొక్కకు నర్సరీకి పోనక్కరలేదు. తొలకరి పడగానే పొరుగింటి చెట్టు నుంచి పెన్సిలు లావు ముదురు కొమ్మ జానెడు తెచ్చి, కింది ఆకులు దూసి, సగం మట్టిలో దిగేలా నీడపట్టున పాతితే చాలు. కొత్త చిగురు వేసిందాకా తడి ఆరనివ్వకూడదు. బోరింగు దగ్గర బట్టలుతికే చోట మాత్రం పాతవద్దు, సబ్బు నీళ్లకు ఆకు పసుపు తిరుగుతుంది.