వాద్యమునకు వాకిలి: యాంప్లిఫయరు జాకు

తగరపువలస మీదుగా పోవు బాట విశాఖపట్టణమును విజయనగరముతో కలుపుచున్నది. ఆ విజయనగరమున, 1919లో నెలకొన్న సంగీత కళాశాలలో, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిను నేర్పిరి. పడమటి దేశమున పుట్టిన ఆ వాద్యము వారి చేతిలో తెలుగువారి సొత్తై పలికినది. పిమ్మట పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) విద్యుత్ మాండలినుపై కర్ణాటక రాగములు పలికించి లోకమును మెప్పించిరి. ఇపుడు గిటారు వంతు వచ్చినది. దానికి వలయు యాంప్లిఫయరును విడిభాగముల కిట్టుగా తెప్పించి ఇంటనే కూర్చుకొను ఉత్సాహవంతులు కలరు. అట్టివారికిని, వారి తలిదండ్రులకును ఉపకరించునని, అందొక చిన్న భాగమును గూర్చి ముచ్చటింపదలచితిమి. అది గిటారు ప్లగ్గును స్వీకరించు జాకు.

మేము మొదట కూర్చిన యాంప్లిఫయరులో వాల్వులు చక్కగనే వెలిగినవి. కాని గిటారు తగిలింపకమునుపే అది కదిపిన తేనెపట్టువలె మ్రోగసాగినది. దోషము విద్యుత్ సరఫరా భాగమున నున్నదని తలచి రెండు సాయంకాలములు వెదకితిమి. తుదకు చూడగా, జాకువద్ద ఒక్క తీగ తావు తప్పి అతుకబడియున్నది!

ఈ జాకు 19వ శతాబ్దమున టెలిఫోను ఎక్స్ఛేంజీలలో పుట్టినది. దీనియందు దూరు ప్లగ్గు మందము పావు అంగుళము, అనగా 6.35 మిల్లీమీటర్లు. ప్లగ్గు మొన గిటారు సంకేతమును తెచ్చును. కాడ ఛాసిస్‌తో, అనగా యాంప్లిఫయరు లోహపుపెట్టెతో, కలియును. మొనను తాకు రేకునకు తోడుగా జాకులో మరియొక స్విచ్చిరేకు కలదు. ప్లగ్గు లేనపుడు ఈ రెండును అంటియుండును. ప్లగ్గు దూర్చగనే విడిపోవును.

సాధారణముగ కిట్టులలో రెండు జాకు లుండును. మొదటి జాకు స్విచ్చిరేకును ఛాసిస్‌కు కలుపవలెను. రెండవ జాకు స్విచ్చిరేకును మొదటి జాకు మొనరేకునకు కలుపవలెను. ఒక్కొక్క మొనరేకునుండి 68 కిలో ఓముల రెసిస్టరు వాల్వు గ్రిడ్డునకు పోవును. మొదటి మొనరేకునుండి ఛాసిస్‌కు 1 మెగా ఓము రెసిస్టరు నుంచవలెను. ఇపుడు ప్లగ్గు లేనిచో గ్రిడ్డు ఛాసిస్‌కు కట్టుబడి, గాలిలోని రొదను గ్రహింపక మౌనము వహించును. మేము తప్పినది ఈ తీగయే. మొదటి జాకులో గిటారు తగిలించిన సంకేతము పూర్తిగ లోనికి పోవును. రెండవదానిలో తగిలించినచో రెండు రెసిస్టర్లు సంకేతమును పంచుకొనుటచే సగమే గ్రిడ్డును చేరును.

పని సరిగనున్నదో లేదో, విద్యుత్తు నిచ్చుటకు ముందే మీటరుతో తెలిసికొనవచ్చును. గ్రిడ్డునకును ఛాసిస్‌కును నడుమ కొలిచినపుడు, జాకులు ఖాళీగనున్న 34 కిలో ఓములు, గిటారు లేని ప్లగ్గు మొదటిదానిలో నున్న 1 మెగా ఓమునకు ఇంచుక పైగా, రెండవదానిలో నున్న 68 కిలో ఓములు చూపవలెను.

68 కిలో ఓముల రెసిస్టర్లను వాల్వు కాలికి దగ్గరగా అతికినచో మీడియం వేవు రేడియో ప్రసారములు గిటారు పాటలో జొరబడవు. రేడియో వినుట మంచిదే. కాని గిటారునుండి కాదు! గ్రిడ్డునకు పోవు తీగ షీల్డు గలదైనచో, ఆ షీల్డును జాకువైపు మాత్రమే కలిపి రెండవకొనను విడువవలెను. భీమిలి సముద్రపుగాలి సోకు మా ప్రాంతమున స్విచ్చిరేకులకు మసి పట్టును. అపుడపుడు శుభ్రము చేయవలెను.

ఇక ముఖ్యవిషయము. జాకు కాడద్వారా గిటారు ఉక్కుతీగలు ఛాసిస్‌తో కలియుచున్నవి. అనగా వాయించువాని వ్రేళ్ళు ఛాసిస్‌ను తాకినట్లే. లోపల 230 వోల్టుల తీగ తెగి ఛాసిస్‌ను తాకెనేని, మూడుకాళ్ళ ప్లగ్గులోని ఎర్త్ తీగయే ప్రాణరక్షకము. ఎర్త్ సరిగ నున్నచో ఫ్యూజు పోవును. లేనిచో మనిషి పోవును. రొద తగ్గునని ఆ తీగను కత్తిరించుట ఎన్నడును తగదు. మరియు వాల్వు యాంప్లిఫయరులో 300 వోల్టులును, అంతకు మించియు నుండును. ప్లగ్గు తీసిన పిమ్మటకూడ కెపాసిటర్లు ఆ శక్తిని నిలుపుకొనియుండును. తగిన రెసిస్టరుతో దానిని దింపి, మీటరుతో నిర్ధారించుకొని పిమ్మటనే లోన చేయి పెట్టవలెను. అనుభవము లేని పిల్లలను ఒంటరిగ ఈ పనికి విడువరాదు.

ఇంటికి వాకిలివంటిది వాద్యమునకు జాకు. అది చక్కనైన పాట లోనికి వచ్చును. పాడువాడు క్షేమముగ నుండును.