మోకీలు మార్చిన తరువాత: కోలుకోవలసింది ఎముకా, కండరమా?

విద్యార్థులారా! మీలో చాలామంది ఇళ్లలో గోడ పట్టుకుని మెట్లెక్కే నాయనమ్మో, నేల మీద నుంచి లేవడానికి ఎవరో ఒకరు చేయి అందించవలసిన తాతయ్యో ఉంటారు. వారిలో కొందరికి డాక్టర్లు మోకీలు మార్పిడి ఆపరేషన్ చేయించుకోమని సలహా ఇస్తారు. ఆపరేషన్ ఎలా చేస్తారన్నది పత్రికల్లో, టీవీలో తరచు వస్తూనే ఉంటుంది. తరువాతి ఆరు వారాల సంగతి చెప్పేవారు తక్కువ. మోకాలు ఎంత వంగుతుంది, ఎంత బలంగా నిలుస్తుంది అన్నది చాలావరకు తేలేది మాత్రం ఆ ఆరు వారాల్లోనే. కనుక ఈ ప్రసంగంలో శస్త్రచికిత్సను క్లుప్తంగా ముగించి, ఆ తరువాత ఇంట్లో జరిగే దాని మీద ఎక్కువసేపు నిలుద్దాం.

ఈ జబ్బును మన ఇళ్లలో "మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది" అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. తొడ ఎముక కింది చివరను, కాలి ఎముక పై చివరను కప్పుతూ నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. సైనోవియల్ ద్రవం కందెనలా పనిచేస్తూ ఈ పొరలు ఒకదానిపై ఒకటి జారేలా చేస్తుంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, కనుక దెబ్బతింటే సరిగా బాగుపడదు. నాడులు కూడా లేవు, కనుక అరుగుదల మొదలైన రోజుల్లో నొప్పి తెలియదు. నొప్పి తెలిసేనాటికి పొర చాలా భాగం పోయి ఉంటుంది. అప్పుడు ఎముకకు ఎముక ఒరుసుకుంటుంది, అంచుల్లో ముళ్లలాంటి పెరుగుదలలు వస్తాయి, చాలామందిలో కాలు విల్లులా బయటికి వంగుతుంది. ఇదే ఆస్టియో ఆర్థరైటిస్.

ఆపరేషన్ అయ్యాక చుట్టాలు "చిప్పలు మార్చారట" అని చెప్పుకుంటారు. నిజానికి మోకాటి చిప్ప ఉన్నచోటే ఉంటుంది; అవసరమనుకుంటే దాని వెనుక వైపు మాత్రం ఒక ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు. మార్చేది రెండు పెద్ద ఎముకల చివరి ఉపరితలాలను. అరిగిన చివరలను సుమారు ఒక సెంటీమీటరు మందాన కోసి, తొడ ఎముకకు కోబాల్ట్-క్రోమియం మిశ్రలోహపు తొడుగు, కాలి ఎముకకు లోహపు పళ్లెం బిగిస్తారు. రెండింటి మధ్య అత్యధిక అణుభారం గల పాలిథిలీన్ దిమ్మ ఉంటుంది; పోయిన మృదులాస్థి పని ఇక అది చేస్తుంది. ఈ పద్ధతికి మూలమైన నమూనా 1974లో న్యూయార్క్‌లో వాడుకలోకి వచ్చింది. దానిని రూపొందించిన బృందంలో జాన్ ఇన్సాల్‌తో పాటు మన దేశానికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్ కూడా ఉన్నారు. 2000 అక్టోబరులో ఒక మోకాలికి, 2001 జూన్‌లో రెండో మోకాలికి అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయికి ముంబైలో ఆపరేషన్ చేసింది ఆయనే.

ఇక్కడ ఒక చిన్న రసాయన శాస్త్ర విషయం ఉంది. దానిని సరిగా పట్టుకుంటే మిగతా పాఠమంతా సులభం. లోహాన్ని ఎముకకు పట్టి ఉంచేది సాధారణంగా పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే సిమెంటు. పారదర్శకమైన యాక్రిలిక్ పలకలు తయారుచేసేదీ ఈ పదార్థంతోనే. పొడిని, ద్రవాన్ని కలపగానే పాలిమరీకరణ మొదలై, వేడి పుట్టి, కొద్ది నిమిషాల్లోనే ముద్ద రాయిలా గట్టిపడుతుంది. అంటే రోగి ఆపరేషన్ బల్ల మీద ఉండగానే కొత్త కీలు బిగిసిపోతుంది. విరిగిన ఎముక అతుక్కోవడానికి వారాలు పడుతుంది, అందుకే కట్టు కట్టి కదలనివ్వరు. ఇక్కడ అతుక్కోవలసిన ఎముక లేదు. వాకరు పట్టించి అదే రోజో మరునాడో నడిపించేది ఇందువల్లనే. "ఎముక కుదురుకోనీ, కొన్నాళ్లు కదలకు" అని నాయనమ్మను మంచానికి పరిమితం చేసే బంధువులు ఈ రెండింటినీ ఒకటిగా భావిస్తున్నారు.

మరి నడవడం అంత కష్టమెందుకు? కారణం కండరం. తొడ ముందువైపు క్వాడ్రిసెప్స్ అనే నాలుగు భాగాల కండరం ఉంది. మోకాలిని చాపేది అదే, మడతపడిపోకుండా నిలిపేదీ అదే. మోకాటి చిప్ప దీనికి బావి గిలకలాంటిది. ఆపరేషన్ తరువాత మొదటి నెలలో ఈ కండరం బలం అంతకు ముందున్న దానిలో సగానికి పైగా పడిపోతుందని కొలతల్లో తేలింది. కండరం అంత త్వరగా కరిగిపోదు కదా! జరిగేది వేరు. కీలులో వాపు వచ్చి ద్రవం చేరినప్పుడు అక్కడి నాడులు వెన్నుపాముకు సంకేతాలు పంపుతాయి. వెన్నుపాము ఆ కండరానికి వెళ్లే ఆజ్ఞలను తగ్గించేస్తుంది. కండరం ఉంది, కరెంటు అందడం లేదు. "కాలు నా మాట వినడం లేదు" అని పెద్దావిడ అంటే అది బద్ధకం కాదు, భయం కూడా కాదు, అక్షరాలా నిజం.

ఈ ఆజ్ఞలు తిరిగి అందేలా చేయడమే వ్యాయామం పని. వెల్లకిలా పడుకుని, మోకాలిని పరుపుకు అదుముతూ తొడ బిగించి, ఐదు సెకన్లు ఉంచి వదలాలి. చూసేవారికి ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. అయినా రోజుకు అనేకసార్లు చేయించేది దీనినే. ఒకప్పుడు కాలిని ఒక యంత్రంలో పెట్టి గంటల తరబడి దానంతట అదే వంగి చాపుకునేలా చేసేవారు. దాని వల్ల చెప్పుకోదగిన లాభం లేదని పరిశోధనల్లో తేలడంతో ఇప్పుడు అందరికీ వాడడం లేదు. యంత్రం కాలిని వంచగలదు గాని, మెదడు నుంచి కండరానికి ఆజ్ఞ పంపలేదు.

ఇక మన ఇళ్లలో ప్రేమతో జరిగే పొరపాట్ల సంగతి. మొదటిది దిండు. మోకాలి కింద దిండు పెడితే నొప్పి తగ్గినట్టు ఉంటుంది, హాయిగా నిద్ర పడుతుంది. కాని కాలు గంటల తరబడి కొంచెం వంగిన స్థితిలో ఉండిపోతుంది. కీలు చుట్టూ కొత్తగా ఏర్పడే మచ్చ కణజాలం ఆ స్థితిలోనే బిగుసుకుంటుంది. అప్పుడు కాలు పూర్తిగా చాపలేక జీవితాంతం కుంటవలసి వస్తుంది. దిండు పెట్టవలసింది మడమ కింద, మోకాలి వెనుక ఖాళీ ఉండేలా. ఇది నొప్పిగానే ఉంటుంది. దిండు ఎక్కడుందో రోజూ చూడడం ఇంట్లోని పదోతరగతి పిల్లవాడు కూడా చేయగల పని.

రెండవది పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు పెట్టకూడదని, చాలా ఇళ్లలో చారన్నంతో సరిపెడతారు. చీము పట్టడానికి కారణం బాక్టీరియా, కందిపప్పు కాదు. గాయం మానడానికి, కండరం తిరిగి పెరగడానికి ప్రోటీన్లు కావలసిన రోజుల్లోనే వాటిని ఆపేయడం విచారకరం. మధుమేహం ఉన్నవారు రక్తంలో చక్కెరను అదుపులో ఉంచుకోవాలి. గాయంలో ఇన్‌ఫెక్షన్ రావడానికి చక్కెరకు నిజమైన సంబంధం ఉంది.

మూడవది నూనె మర్దన. ఇది అన్నిటికంటె ప్రమాదకరం. కదలిక తగ్గిన కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంటుంది. మర్దనతో ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. పాదాన్ని పైకి కిందికి ఆడిస్తే పిక్క కండరమే పంపులా పనిచేసి రక్తాన్ని గుండె వైపు నెడుతుంది. అందుకే ఆ వ్యాయామం, దానితో పాటు గడ్డకట్టకుండా డాక్టర్ రాసిన మందు. పిక్క వాచి గట్టిపడి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా, గాయం నుంచి రసి కారినా, చలిజ్వరం వచ్చినా మరునాటి వరకు ఆగకూడదు. గాయానికి బయటి వైపు చర్మం మొద్దుబారడం, నడిచేటప్పుడు టక్కుమని చప్పుడు రావడం మాత్రం మామూలే. కోతలో సన్నని చర్మ నాడులు తెగడం ఒకదానికి కారణం, లోహం ప్లాస్టిక్‌ను తాకడం రెండోదానికి.

మెట్ల దగ్గర కొంచెం భౌతికశాస్త్రం అవసరం. సమతలం మీద నడిచేటప్పుడు మోకీలు మీద శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్లు, మెట్ల మీద మూడు రెట్లకు పైగా భారం పడుతుందని, లోపల కొలత పరికరాలు అమర్చిన కృత్రిమ కీళ్లతోనే కనుగొన్నారు. అరవై కిలోల మనిషికి అది 180 కిలోల పైమాటే. మీటకు ఒక చేయి పొట్టిదైతే ఆ వైపు ఎక్కువ బలం వేయవలసి వస్తుందని మీరు చదువుకున్నారు. క్వాడ్రిసెప్స్ లాగేది ఆ పొట్టి చేతి వైపు నుంచే. మెట్టు ఎక్కేటప్పుడు శరీరాన్ని పైకి లేపేది పై మెట్టు మీద పెట్టిన కాలు, కనుక ముందు మంచి కాలు వేయాలి. దిగేటప్పుడు బరువును మోస్తూ మెల్లగా వంగేది పైన మిగిలిపోయిన కాలు, కనుక ముందు ఆపరేషన్ అయిన కాలు దించాలి. చేతికర్రను ఆపరేషన్ అయిన కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి.

అందరూ అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. మళ్లీ నేల మీద కూర్చోవచ్చా? నడవడానికి మోకాలు 70 డిగ్రీల లోపు వంగితే చాలు. మెట్లకు 90 దాకా, కుర్చీలోంచి సులువుగా లేవడానికి మరికొంచెం కావాలి. గొంతుకూర్చోవడానికి, బాసీపట్టు వేసి కూర్చోవడానికి 130 డిగ్రీలు, అంతకుమించి అవసరం. మామూలుగా కొత్త కీలుకు వచ్చేది 110 నుంచి 120. కనుక పీట మీద భోజనం, నాటు మరుగుదొడ్డి, కింద కూర్చుని పూజ, వీటిని చాలామంది వదులుకోవలసిందే. ఈ మాట ఆపరేషన్‌కు ముందే స్పష్టంగా చెప్పాలని నా అభిప్రాయం. అయిదుగురిలో ఒకరి దాకా ఫలితంతో పూర్తిగా తృప్తి పడరని అనేక దేశాల లెక్కలు చెబుతున్నాయి. కీలు మన్నిక విషయంలో మాత్రం దిగులు అక్కరలేదు. వందలో 80కి పైగా 25 ఏళ్లు పనిచేస్తాయని 2019లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ లెక్కగట్టింది.

మోకాలు వంపును మీరే కొలవవచ్చు. నాయనమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మడమను వీలైనంత వెనక్కి జరపమనండి. పక్క నుంచి ఫోటో తీసి, తొడ వెంట ఒక గీత, పిక్క వెంట ఒక గీత గీసి, వాటి మధ్య కోణాన్ని కోణమానితో కొలవండి. దానిని 180 నుంచి తీసివేస్తే వచ్చేది వంపు. ఉదయం బిగుతుగా ఉంటుంది గనుక ప్రతిరోజూ ఒకే వేళకు కొలిచి నోటుపుస్తకంలో రాయండి. రెండు మూడు వారాల్లో 90 దగ్గరికి రావడం మంచి గుర్తు. అంకె వారం రోజులు కదలకుండా ఆగిపోతే ఫిజియోథెరపిస్టుకు ఆ పుస్తకం చూపించండి. ఆరు వారాలు దాటినా 90 రాకపోతే మత్తు ఇచ్చి సర్జనే మోకాలిని వంచే పద్ధతి ఉంది. అది మొదటి మూడు నెలల్లో చేస్తేనే బాగా పనిచేస్తుంది. ఆ తరువాత మచ్చ కణజాలం ముదిరిపోయి, మళ్లీ కోత పెట్టవలసి రావచ్చు.